మొదటి భాగం కింద నా సంతకం

కోర్టు తర్జుమా పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వికారాబాద్‌లో మా ఇంటికి వస్తుంటారు. "సార్, తప్పు రాకుండ ఎట్ల చెయ్యాలె?" అని అడుగుతారు. చాయ్ తాగించి, నాకు తెలిసిన కిటుకులు నాలుగు చెప్పి పంపేస్తాను. అసలు సంగతి ఏనాడూ చెప్పలేదు.

తప్పు రాకుండా చేయడం నాకు బాగానే వచ్చు. నా సర్వీసు మొత్తంలో ఫలానా మాట తప్పు రాశావని ఒక్క వకీలు కూడా నిలబెట్టలేకపోయాడు. అట్లాంటి తప్పులేని తర్జుమా ఒకటి చేసి, నాకు అక్షరం నేర్పిన మనిషి బతుకును బుగ్గి చేశాను. ఇప్పుడు రాస్తున్నది అదే. ప్రమోషన్లు, బదిలీల గురించి తెలుసుకోవాలని వచ్చినవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

గొర్రెల నుంచి కాగితాలకు

మాది ధారూర్ దగ్గర పల్లె. కురుమలం. మా నాయన మల్లయ్య గొర్రెల వెంట తిరిగేవాడు. నేనూ అదే దారిన పోవలసినవాణ్ణి. నిజాం కాలంలో మా ఊరి బడికి ఉర్దూ పంతులుగా రవూఫ్ సాబ్ వచ్చారు. సన్నటి మనిషి, తలమీద నల్ల టోపీ, చంకలో ఎప్పుడూ ఒక పుస్తకం. ఒకరోజు మంద దగ్గరికే వచ్చి మా నాయనను అడిగారు.

"మల్లయ్యా, వీన్ని నాకియ్యి. చదివిస్త."

"గొర్రెలకు సదువొద్దు సాబ్. వీనికే కావాల్నంటే తీస్కపోండ్రి. మల్ల తిండి ఎక్కువ తింటడు, ముందే చెప్తున్న."

అట్లా నేను బడిలో పడ్డాను. ఉర్దూ, కొంచెం ఫార్సీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత ఫీజు కట్టి ఇంగ్లీషు పరీక్షకు కూడా కూర్చోబెట్టింది ఆయనే. ఆయనకు మాత్రం ఇంగ్లీషు రాదు. "నాకు రానిది నీకు రావాలె, గప్పుడు నేను పంతుల్ని" అనేవారు.

నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం పోయింది, కోర్టు భాష మారింది. అంతకుముందు దస్తావేజులు, తీర్పులు, సాక్ష్యాలు అన్నీ ఉర్దూలో ఉండేవి. అప్పీలుకు పోవాలంటే వాటిని ఇంగ్లీషులోకి మార్చాలి. కాగితాలు గోనెసంచుల్లో వచ్చి పడేవి. రెండు భాషలూ వచ్చినవాళ్లు తక్కువ. నాకు ఉద్యోగం దొరికింది. ఉర్దూ వచ్చిన చాలామందికి అదే ఏడాది అన్నం పోయింది, నాకు అదే ఉర్దూ అన్నం పెట్టింది. రవూఫ్ సాబ్ అప్పటికే రిటైరై తాండూరులో సొంతింట్లో ఉంటున్నారు. సంగతి చెప్పడానికి పోతే సంతోషపడ్డారు. నాకే సిగ్గేసింది.

అన్నం తిన్నాక చెయ్యి కడగడం

మా పెద్ద తర్జుమాదారు కిషన్‌రావు గారు నాకు పని నేర్పారు. గట్టి మనిషి, నోరు మంచిది కాదు. ఆయన సూత్రం ఒకటే.

"కాగితంల ఉన్నది రాయి. లేనిది రాయనీకి కాగితం నీ అయ్యది కాదు."

ప్రతి తర్జుమా చివర ఒక వాక్యం రాసి, పేరు, హోదా వేసి సంతకం చేయాలి. 'పై కాగితానికి ఇది సరైన, పూర్తి తర్జుమా.' ఒక్క వరుస రసీదు తర్జుమా చేసినా ఈ వాక్యం లేకపోతే మొహాన కొట్టేవారు. "అన్నం తిన్నంక చెయ్యి కడుగుతవా లేదా? గిదీ గంతే." రెండేళ్లు తిరిగేసరికి ఆ వాక్యం నా చేతికి అలవాటైపోయింది. చెయ్యి రాసేది, మనసు దాని వెంట ఉండేది కాదు.

కొత్తలోనే ఒక కేసు వచ్చింది. తాండూరు బసప్ప సేట్‌ది. గానుగ నడిపే మనిషి. ఇంట్లో కన్నడం మాట్లాడతారు, బయట తెలుగు, చదివింది ఉర్దూ. ఆయన ఇంటి స్థలం తమదేనని దాయాదులు దావా వేశారు. ఆయన తండ్రి ఆ స్థలాన్ని వాళ్లకు రాసిచ్చిన పాత దస్తావేజు నా దగ్గరికి వచ్చింది. దాయాదులు పైపేజీ మాత్రమే తర్జుమా చేయమన్నారు. కాగితాన్ని వెలుతురుకు పెడితే వెనుక కూడా సిరా కనబడుతోంది. చదివాను. ఇల్లున్న సగం స్థలం బసప్ప తండ్రికి తిరిగి ఇచ్చేసినట్టు అక్కడ రాసి ఉంది. కిషన్‌రావు గారి దగ్గరికి పరుగెత్తాను.

"వెనుక పేజీ అడిగిండ్రా?"

"లేదు సార్."

"మరి నీకెందుకు పరేషాన్? బసప్ప వకీలు అడుగుతడు. గప్పుడు జేద్దువు. రెండు కాగితాలు జడ్జి ముంగట కలుస్తయి. కలిపేటోడు జడ్జి, నువ్వు కాదు."

నిజంగానే అట్లాగే జరిగింది. వకీలు వెనుక పేజీ అడిగాడు, చేసిచ్చాను, జడ్జి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. బసప్ప గెలిచాడు. కోర్టు వరండాలో నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నర్సింలూ, నీ సంతకం మీదనే నా ఇల్లు నిలవడ్డది. నీ సంతకమంటే మా తాండూరు బండ మీద గీత."

మీకు ఒక మాట చెప్పాలి. తప్పు చేసి దెబ్బ తింటే మనిషి నేర్చుకుంటాడు. తప్పు చేసినా అంతా సవ్యంగా జరిగిపోతే అంతకన్నా చెడు చదువు ఇంకొకటి లేదు. సగం రాసి పంపినా ఫరవాలేదు, ఎవరో ఒకరు మిగతా సగం కలుపుతారు అన్న ధీమా నాకు ఆ రోజే వచ్చింది.

ఎదుటివాని మాట ముందు

బసప్ప ఇల్లు, రవూఫ్ సాబ్ ఇల్లు ఒకే గోడ. తాండూరులో గోడలంటే బండ మీద బండ పేర్చినవే. నలభై ఎనిమిదిలో ముస్లింల ఇళ్ల మీద దాడులు జరిగిన ఆ చెడ్డ రోజులు వచ్చినప్పుడు బసప్ప ఆ గోడలో నాలుగు బండలు ఊడదీసి, రవూఫ్ సాబ్‌నూ ఆయన కూతురు జైనబ్‌నూ తన ఇంట్లోకి లాక్కున్నాడు. గానుగ వెనుక నువ్వుల బస్తాల మధ్య దాచాడు. వీధిలో నెమ్మది కుదిరే దాకా అక్కడే ఉంచాడు. ఎవరైనా వచ్చి అడిగితే "మా అమ్మకు పానం బాగలేదు, లోపటికి రావద్దు" అని గుమ్మంలో అడ్డంగా కూచున్నాడు. ఆ తర్వాత ఆ కంతను ఎవరూ మూయలేదు. రంజాన్‌కు షీర్ ఖుర్మా ఇటునుంచి అటు పోయేది, ఉగాదికి భక్షాలు అటునుంచి ఇటు వచ్చేవి. జైనబ్ పుల్లటి పెరుగు కావాలంటే కంతలోంచి గిన్నె చాచేది.

ఆ రోజుల తర్వాత ముస్లిం కుర్రవాళ్లలో పెద్ద నిరాశ వచ్చింది. కొలువులు పోయాయి, పరువు పోయింది. కొందరు ఊళ్లు విడిచారు. ఉన్నవాళ్లు తలుపులు మూసుకున్నారు. రవూఫ్ సాబ్ వాళ్లకోసం ఒక పుస్తకం రాశారు. రాజ్యం పోయినంత మాత్రాన దీన్, అంటే మతధర్మం, పోదని, పరాయి రాజ్యంలో పొరుగువాని హక్కు ఇంకా పెరుగుతుందని ఆయన ఆలోచన. ఇట్లా ఆలోచించిన పండితులు పెద్ద నగరాల్లో కూడా తక్కువే అప్పట్లో. ఈయన తాండూరులో చాప మీద కూర్చుని ఆలోచించారు.

పుస్తకం రెండు నోటు పుస్తకాల్లో ఉండేది. జైనబ్ అందమైన దస్తూరీతో సాఫు చేసింది. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. వాళ్ల పాత మదర్సాల్లో వాదం చేసే పద్ధతి ఒకటుంది. ఎదుటివాని మాటను ముందు చెప్పాలి. వాడు స్వయంగా చెప్పినా అంత గట్టిగా చెప్పలేనట్టుగా, వాని నోటితోనే చెప్పాలి. 'ఇది వాళ్ల వాదం' అని మధ్యమధ్య గుర్తుచేయడం చేతకానితనం కింద లెక్క. అదంతా అయ్యాకే తన జవాబు. ఆ చదువు చదివినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి జవాబు వచ్చేదాకా ఆగుతారు.

అట్లా మొదటి నోటు పుస్తకం నిండా ఎదుటివాని వాదమే ఉంది. రాజ్యం లేనిచోట దీన్ బతకదు, కాబట్టి వెళ్లిపోవాలి, వెళ్లలేకపోతే వేరుగా బతకాలి, హిందువులతో వ్యాపారం కలపకూడదు, వాళ్ల పెళ్లికీ చావుకూ పోకూడదు, వాళ్ల ఇంటి ముద్ద ముట్టకూడదు. చదువుతుంటే ఒళ్లు వేడెక్కేది. రెండో నోటు పుస్తకం మొదటి వరుస ఇది. 'ఇంతవరకు వాళ్ల మాట. ఇక నా మాట.'

"గంత జోరుగ ఎందుకు రాసిండ్రు సాబ్, వాళ్ల తరఫున?" అని అడిగాను.

"బలహీనున్ని కొడితే గెలుపా నర్సింలు? గా పిల్లలు చదివి, 'ముసలోనికి మా బాధ తెల్వదు' అనొద్దు. నా బాధ గూడ గదే. రాసుకుంట నేను గూడ ఏడ్సిన."

దీన్ని ఇంగ్లీషు చేయమని నన్నే అడిగారు. సముద్రం అవతల కూడా ఇదే బాధలో ఉన్నవాళ్లు ఉన్నారు, వాళ్లకు ఉర్దూ రాదు అన్నారు. నేను ప్రతి ఆదివారం పొద్దున ప్యాసింజర్ ఎక్కి తాండూరు పోయి, ఆయన ముందు కూర్చుని చేసేవాణ్ణి.

ఓడ ఎక్కింది

మొదటి భాగం ఆరు నెలల్లో అయిపోయింది. కోపం తొందరగా భాష మారుతుంది. ఏ భాషలో పెట్టినా మండుతుంది. రెండో భాగం దగ్గర నా బండి ఆగిపోయింది. అందులో పెద్ద మాటలు లేవు. పొరుగింటి గోడ మీద నీ ఇంటి వాన నీళ్లు పడకూడదు, నీ పొయ్యి పొగ వాని కంట్లో పోకూడదు, వాడు నీ మీద అలిగినా వాని పీనుగను మోయాలి. ఇట్లాంటి మాటలు. ఇంగ్లీషులో పెడితే చప్పగా తేలేవి. నాకు విసుగొచ్చింది. వారం వారం పోవడం నెలకోసారి అయింది.

అదే సమయంలో తాండూరు బండల వ్యాపారి ఒకాయన బావమరిది యూసుఫ్ సెలవు మీద వచ్చాడు. తూర్పు ఆఫ్రికాలో ఒక రేవు పట్నంలో ఉద్యోగం. అక్కడ మతం పుస్తకాలు అచ్చువేసే చిన్న బృందం ఉందన్నాడు. ఓడకు టైం దగ్గర పడింది, అయినంత వరకు ఇస్తే తీసుకుపోతానన్నాడు. రవూఫ్ సాబ్ అంతకుముందే నాకు స్పష్టంగా చెప్పి ఉన్నారు. "రెండు అయినంక పంపుదాం. ఒక్కటి పంపొద్దు." ఆ వారం ఆయన కంటి ఆపరేషన్‌కు గుల్బర్గా పోయి ఉన్నారు.

నేను ఇచ్చేశాను. నా ఇంగ్లీషు అచ్చులో చూసుకోవాలని ఉండింది, దాచడం ఎందుకు. రెండోది వెనకాల పంపుదాం, కోర్టులోనూ దావా ఒక రోజు పోతుంది, జవాబు ఇంకో రోజు పోతుంది అనుకున్నాను. బయటి లోకంలో ఆ రెంటినీ కలిపే జడ్జి ఎవడూ కూర్చుని ఉండడని నాకు తోచలేదు.

పైన 'మొదటి భాగం' అని రాశానా? రాయలేదు. పుస్తకం పేరు, ఆయన పేరు మాత్రం రాశాను. కింద చెయ్యి కడిగాను. 'పై కాగితానికి ఇది సరైన, పూర్తి తర్జుమా.' నా పేరు, కోర్టు తర్జుమాదారునని హోదా, సంతకం.

గుల్బర్గా నుంచి వచ్చాక రవూఫ్ సాబ్‌కు చెప్పాను. కంటికి ఇంకా పచ్చగుడ్డ కట్టి ఉంది.

"తొందరపడ్డవ్ బేటా. సరే. జల్దీ రెండోది చెయ్యి."

జల్దీ అంటే ఎంత? రెండేళ్లు గడిచినా నాకు కాలేదు. కోర్టులో అప్పీళ్లు ఎక్కువయ్యాయని ఆయనకు చెప్పేవాణ్ణి. పని ఎక్కువైన మాట నిజమే. కానీ అదే రెండేళ్లలో నేను పేకాట నేర్చుకున్నాను. అది కూడా నిజమే.

ఒక దర్జీ రాసిన జాబు

పుస్తకం అచ్చయి వచ్చింది. సన్నటి పుస్తకం, ఆకుపచ్చ అట్ట. చివరి పేజీలో నా ధ్రువీకరణ, నా పేరుతో సహా ఉన్నది ఉన్నట్టు వేశారు. దాన్ని రైల్లో ఎక్కినవాళ్లకూ దిగినవాళ్లకూ చూపించుకుంటూ తాండూరు పోయాను. జైనబ్ దాన్ని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది.

తర్వాత జాబులు మొదలయ్యాయి. ఇంగ్లీషులో వచ్చేవి, నేను చదివి వినిపించాలి. పుస్తకాన్ని అక్కడి స్వాహిలీలోకి మార్చుకున్నామని ఒకరు రాశారు. మరో దీవి నుంచి ఇంకొకరు తమ భాషలోకి మారుస్తామని అనుమతి అడిగారు. మెచ్చుకోలు మాటలే అన్నీ. రవూఫ్ సాబ్ మొహంలో మాత్రం వెలుగు లేదు. "ఏమని మెచ్చుకుంటున్నరు? ఏ మాట నచ్చిందట?" అని గుచ్చి అడిగేవారు. జాబుల్లో ఆ వివరం ఉండేది కాదు.

ఒక దర్జీ రాసిన జాబులో ఉంది. మూడు పేజీలు, వచ్చీరాని ఇంగ్లీషు. ఇరవై ఏళ్లుగా ఒక హిందూ స్నేహితునితో కలిసి దుకాణం నడిపాడట. ఇద్దరి మిషన్లూ పక్కపక్కనే. తన బిడ్డ జబ్బు పడితే ఆ స్నేహితుడు భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడట. ఈ పుస్తకం చదివాక కళ్లు తెరుచుకున్నాయట. దుకాణం మధ్య గోడ కట్టించాడు. స్నేహితుడు తలుపు దగ్గర నిలబడి ఏడ్చినా మాట్లాడలేదు. 'మీరు దారి చూపారు. ప్రతి నమాజులో మీకోసం దువా చేస్తున్నాను.'

నేను చదవడం ఆపాను. ఆయన చెయ్యి చాచి ఆ జాబును తీసుకున్నారు. చదవలేని ఆ అక్షరాల మీద వేలు పెట్టారు.

"నాకోసం దువా చేస్తున్నడు," అన్నారు. "నర్సింలు, నాకోసం!"

నేను కాళ్ల మీద పడ్డాను. ఆయన నన్ను లేపలేదు, తిట్టనూ లేదు. ఆ పూటే దర్జీకి జవాబు చెప్పారు, నేను రాశాను. గోడ పడగొట్టు, అది నా మాట కాదు, నీ స్నేహితుని కాళ్లు పట్టుకో అని రాయించారు. నాలుగు నెలలకు జాబు తిరిగి వచ్చింది. ఆ చిరునామాలో ఎవరూ లేరట.

మీరే సంతకం చేశారు కదా

ఆ తర్వాత నేను నిద్రాహారాలు మాని రెండో భాగం పూర్తి చేశాను. ముందు రెండేళ్లలో కానిది రెండు నెలల్లో అయింది. పంపాం. ఎదురుచూశాం. జైనబ్ పోస్టుమాన్ సైకిల్ గంట వినబడితే గడపలోకి వచ్చేది.

అచ్చువేసినవాళ్ల జవాబు మర్యాదగానే ఉంది. ఈ రెండో రాత మొదటిదానికి పూర్తిగా విరుద్ధంగా ఉందన్నారు. కొత్త ప్రభుత్వం ముసలాయనను భయపెట్టి రాయించినట్టు తమకు అనుమానంగా ఉందన్నారు. ఆయన కష్టం తమకు అర్థమవుతుందని, అసలు పుస్తకాన్ని ఏమాత్రం మార్చకుండా కాపాడుతామని మాట ఇచ్చారు. చివర నాకు ఒక వరుస రాశారు. 'ఇది సరైన, పూర్తి తర్జుమా అని తమరే సంతకం చేశారు కదా. పూర్తి అయినదానికి ఇంకో భాగం ఎక్కడనుంచి వచ్చింది?'

మళ్లీ రాశాను, ప్రమాణం చేసి రాశాను. నా మాటకు నా సంతకమే అడ్డం తిరిగింది. కోర్టులో ముందు ఒకటి చెప్పి తర్వాత ఇంకొకటి చెప్పే సాక్షిని వకీళ్లు ఎట్లా ఉతికి ఆరేస్తారో ఎన్నోసార్లు చూశాను. ఆ బోనులో ఇప్పుడు నేనున్నాను.

నేను కిషన్‌రావు గారి దగ్గరికి పోయి అంతా చెప్పుకున్నాను. ఆయనకూ వయసైపోయింది. చాలాసేపు విని అన్నారు.

"నేను నీకు కాగితం నేర్పిన నర్సింలు. పుస్తకం నేర్పలే. నాకే రాదు."

తిరిగి తాండూరు

అరవైలలో ఒక ఏడాది బొంబాయిలో ఎవరో ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని ఉర్దూలోకి మార్చి అచ్చువేశారు. ఇంగ్లీషు రానివాళ్ల కోసమట. ఉర్దూలో పుట్టి, ఇంగ్లీషులో సముద్రం దాటి, మళ్లీ ఉర్దూలో ఇల్లు చేరింది. రైలు స్టేషన్ ముందర పుస్తకాలు అమ్మే అతని దగ్గరికి ఓ పది కాపీలు వచ్చాయి. కొత్తగా వచ్చిన ఒక మాష్టారు మసీదు దగ్గర రవూఫ్ సాబ్ చేతిని ముద్దు పెట్టుకుని, "సాబ్, ఇంత గొప్పోళ్లు మా ఊళ్లనే ఉన్నరని మాకు తెల్వకపాయె" అన్నాడట. ఆయన "నాది కాదు బేటా" అంటే, పెద్దవాళ్ల వినయం అనుకున్నాడు.

ఆ కాలంలో చదువుకున్న ఏ కులంవాడికైనా మా దగ్గర ఉర్దూ వచ్చు. బసప్పకూ వచ్చు. స్టేషన్ దగ్గర పొరుగాయన పేరు చూసి మురిసిపోయి ఒక కాపీ కొన్నాడు. ఇంటికి తెచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. వాళ్ల ఇంటి ముద్ద ముట్టకూడదన్న దగ్గరికి వచ్చాడు. చివరి పేజీలో నా ధ్రువీకరణను కూడా ఉర్దూ చేసి వేశారు, అక్కడ నా పేరూ చూశాడు.

ఆ ఆదివారం నేను తాండూరు పోయేసరికి రవూఫ్ సాబ్ వాకిట్లో మంచం మీద కూర్చుని గోడవైపు చూస్తున్నారు. అవతలి నుంచి మేస్త్రీ కంతలో బండలు పెడుతున్నాడు. జైనబ్ ఇటుపక్క నిలబడి ఉంది. ఆఖరి బండ పెట్టేముందు ఆ సందులోకి వంగి పిలిచింది.

"బసప్ప మామా! జర మా బాబా మాట ఇను మామా!"

అవతలినుంచి బసప్ప గొంతు వినబడింది. కోపంగా లేదు. అలిసిపోయినట్టుంది.

"నువ్వు నా బిడ్డవే జైనబూ. నీతోని నాకు లొల్లి లేదు. నా ముద్ద తిన్నందుకు మీ బాబాకు గంత కష్టమైతే, ఇంక పెట్ట. గంతే."

రవూఫ్ సాబ్ లేచారు. లోపలికి పోయి రెండో నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, నా భుజం పట్టుకుని వీధిలోంచి బసప్ప గుమ్మానికి నడిచారు. నలభై ఎనిమిదిలో బసప్ప అడ్డంగా కూచున్న గుమ్మం అది.

"బసప్పా, ఇది సదువు. ఇది నా మాట. గది కాదు."

బసప్ప నోటు పుస్తకం ముట్టలేదు. "అచ్చుల ఉన్నది సదివిన సాబ్. చేతితోని రాసింది ఎవరన్న ఎప్పుడన్న రాస్తరు."

"సేట్, తప్పు నాది," అన్నాను. "నేను సగమే పంపిన. గది పూర్తి పుస్తకం కాదు."

ఆయన నావైపు తిరిగాడు. "పూర్తి అని నువ్వే రాస్తివి గదా. నీ సంతకం మీద నా ఇల్లు గెలిచిన నర్సింలూ. ఇప్పుడు నీ సంతకం అబద్ధమంటే, నా ఇల్లు గూడ అబద్ధమేనా?"

ఇద్దరం వెనక్కి వచ్చాం. ఆ తర్వాత ఆయన రాయలేదు. ఎవరైనా ఏదైనా రాసిమ్మంటే, "రాస్తే ఏడికి పోతదో తెల్వది, వద్దు" అనేవారు. నాతో మాత్రం బాగానే మాట్లాడేవారు. మా పిల్లల చదువు గురించి అడిగేవారు. తిట్టి ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది. రెండేళ్లకు పోయారు. జనాజా వెళుతుంటే బసప్ప గానుగ ఆపి గుమ్మంలో నిలబడ్డాడు. భుజం పట్టడానికి రాలేదు. పొరుగువాడు అలిగినా పీనుగను మోయాలని రాసిన మనిషి అట్లా వెళ్లిపోయాడు.

తెలుగులో

నలభై రోజులయ్యాక జైనబ్ నన్ను పిలిపించింది. రెండో నోటు పుస్తకం నా ముందు పెట్టింది.

"అన్నా, దీన్ని తెలుగుల చెయ్యి. బసప్ప మామ మనుమలకు ఉర్దూ వస్తలేదు. మామ సదవకున్నా వాళ్లన్న సదువుతరు. ఒక్కటే మాట. కింద నీ సంతకం పెట్టకు. అది చూస్తే నాకు భయమైతది."

చేశాను. నా జీవితంలో మంచి తర్జుమా ఏదైనా ఉంటే అదొక్కటే. వాన నీళ్లూ, పొయ్యి పొగా తెలుగులో చప్పబడలేదు. ఇక్కడివే కదా ఆ మాటలు, ఇంటికి వచ్చినట్టు వచ్చాయి. మొదట్లోనే తెలుగులో చేసి ఉంటే ఎంత బాగుండేదో అనుకుని చాలా ఏడ్చాను. మొదటి పేజీలో అంతా వివరంగా రాశాను. ఇది రెండో భాగమని, మొదటిది ఎదుటివాని వాదమని, తప్పు నాదని. కింద ఏమీ రాయలేదు. చివరి వాక్యం అయ్యాక చెయ్యి తనంతట తాను కదిలింది, గట్టిగా పట్టుకుని ఆపాను.

పిల్లలూ, ఈ పనిలోకి వచ్చినవాళ్లూ, నేను చెప్పగలిగింది కొంచెమే. మీ ముందుకొచ్చిన కాగితం దేనిలో సగమో కనుక్కోండి. కనుక్కునే దాకా పూర్తి అని రాయకండి. పై అధికారి తిడతాడు, తిట్టనివ్వండి. ఇంతకు మించి ధైర్యం చెప్పే మాట నా దగ్గర లేదు. చేసిన తప్పు దిద్దుకోవచ్చని పెద్దవాళ్లు అంటుంటారు. నాకు కుదరలేదు. ఆ ఆకుపచ్చ పుస్తకం ఇంకా ఎక్కడెక్కడ అచ్చవుతున్నదో నాకు తెలియదు. చివరిసారి వచ్చిన కాపీ మీద, రవూఫ్ సాబ్ పోయారని తెలిసి, నల్ల అంచు వేశారు. నా సంతకం అట్లాగే ఉంది.

తెలుగు ప్రతిని కుట్టించి బసప్ప ఇంటికి తీసుకుపోయాను. ఈసారి ఆయన చేతిలోకి తీసుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మొదటి పేజీ తెరవలేదు. కోర్టులో కక్షిదారులు చేసినట్టే, నేరుగా చివరి పేజీ తిప్పాడు. అక్కడ ఖాళీ జాగా వంక కాసేపు చూశాడు. పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు.

"సంతకం లేని తర్జుమా కోర్టుల నడుస్తదా, నర్సింలూ?"

"నడ్వది సేట్," అన్నాను.